చీటీ ఊడిపోయిన పిట్టను గుర్తుపట్టడం ఎలా?

1806లో లండన్‌లో ఒక మ్యూజియాన్ని వేలం వేశారు. పాట 65 రోజులు సాగింది. గవ్వలు, శిలాజాలు, దీవుల నుంచి వచ్చిన ఈకల దుస్తులతో పాటు అద్దాల పెట్టెల్లోని స్టఫ్ చేసిన పక్షులన్నీ తలో చేతికీ పోయాయి. పెట్టె మీదున్న చీటీ ఒకరి దగ్గరకు, లోపలి పిట్ట ఇంకొకరి దగ్గరకు చేరిన సందర్భాలూ ఉన్నాయి. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ పిట్టలు ఏవి, ఎక్కడివి అని వెతికేవాళ్ళు ఇంకా వెతుకుతూనే ఉన్నారు. ఆ వెతుకులాట ఎలా చేస్తారో, మీరు ఎలా చేయవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆ మ్యూజియం ఆష్టన్ లీవర్‌ది. మాంచెస్టర్ పక్కనున్న భూస్వామి. 1775లో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో దాన్ని తెరిచాడు. కెప్టెన్ కుక్ ఓడలు పసిఫిక్ నుంచి తెచ్చిన పక్షులు చాలా ఆయన చేతికి వచ్చాయి. ఉన్న డబ్బంతా దానికే పోశాడు. చివరికి 1786లో లాటరీ పెట్టాడు. టికెట్ ఒక గినీ (అప్పటి ఇంగ్లీషు నాణెం). 36,000 టికెట్లు వేస్తే అమ్ముడైనవి 8,000. గెలిచిన జేమ్స్ పార్కిన్సన్ ఇంకో ఇరవయ్యేళ్ళు నెట్టుకొచ్చి, ఇక తనవల్ల కాక వేలానికి పెట్టాడు.

మీ పిట్ట లీవర్‌ది కాకపోవచ్చు. మీ ఊరి డిగ్రీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో బీరువా పైన దుమ్ము పట్టి కూర్చున్నదే కావచ్చు. పద్ధతి ఒకటే. లీవర్ మ్యూజియం మీద ప్రాక్టీసు చేయమనడానికి కారణం వేరు. దాని కాగితాలు చాలావరకు దొరుకుతున్నాయి, కాబట్టి ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చునే మొత్తం కసరత్తు చేయవచ్చు.

ముందు రెండు కాగితాలు తీసుకోండి

నిజంగానే రెండు తెల్లకాగితాలు. ఒకదాని మీద "పిట్ట చెప్పింది" అని, రెండోదాని మీద "చీటీ చెప్పింది" అని రాయండి. ముక్కు, కాళ్ళు, ఈకలు, కొలతలు మొదటిదాని మీద. పాత లేబుల్, కేటలాగు, బొమ్మ, ఎవరు కొన్నారు, ఎక్కడిదన్నారు ఇవన్నీ రెండోదాని మీద. రెండూ నిండేదాకా ఒకదాని వంక చూస్తూ ఇంకొకటి రాయకండి.

ఇది చాదస్తంలా కనిపిస్తుంది. నాకూ మొదట్లో అలాగే అనిపించింది. ఒక కాలేజీ మ్యూజియంలో పాత స్పెసిమెన్లకు లిస్టు తయారుచేసే పని కొన్నాళ్ళు చేశాను. ఒక చిన్న పిట్ట, వంకర ముక్కు, నల్లగా ఊదారంగు మెరుపు. కాలికి చీటీ, దాని మీద "హమ్మింగ్ బర్డ్" అని చక్కటి దస్తూరీ. నేను అదే లిస్టులోకి ఎక్కించాను. దక్షిణ అమెరికా అని కూడా రాశాను. పక్కన దుమ్ము తుడుస్తున్న అటెండర్ వంగి చూసి, "సార్, ఇది మా పెరట్లో మందారపూలకు వచ్చే తేనెపిట్టే కదా" అన్నాడు. చీటీ మీద ఉంది కదయ్యా అన్నాను. "చీటీ రాసినాయన మా పెరడు చూళ్ళేదు సార్" అన్నాడు. మొండిగా తోక ఈకలు లెక్కపెట్టాను. పన్నెండు. హమ్మింగ్ బర్డ్‌కు పది ఉంటాయి. లిస్టు కొట్టేసి మళ్ళీ రాశాను.

చేతులు పెట్టే ముందు

స్పెసిమెన్ మీ చేతిలోనే ఉంటే ముందు ఈ మాట వినండి: పాత స్టఫ్ పిట్టల్లో పాషాణం ఉంటుంది. అలంకారంగా అనడం లేదు. ఫ్రాన్స్‌లో మెట్జ్ పట్టణానికి చెందిన బెకూర్ అనే మందుల తయారీదారు 18వ శతాబ్దంలో ఆర్సెనిక్ సబ్బు కనిపెట్టాడు. తోలు లోపల దాన్ని పూస్తే పురుగు ముట్టదు. ఆయన ఆ కిటుకును బయటపెట్టలేదు. 19వ శతాబ్దం వచ్చాకే అది అందరి చేతికీ వచ్చింది. అంతకుముందు కూరిన పిట్టలు చాలావరకు పురుగులపాలయ్యాయి. మిగిలినవాటికి తర్వాతి తరాల వాళ్ళు మళ్ళీ మళ్ళీ విషం పట్టించారు, కొందరు పాదరసం మందు కూడా వాడారు.

అందుకని నైట్రైల్ గ్లవ్స్, మాస్కు తప్పనిసరి. టేబుల్ మీద తెల్లకాగితం పరచండి. దులపకండి, ఊదకండి, పక్కన టీ గ్లాసు పెట్టుకోకండి. పని అయ్యాక ఆ కాగితాన్ని మడిచి విడిగా పారేయండి. ఇంకొకటి, మన దేశంలో పక్షి స్పెసిమెన్లు ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి రక్షణ చట్టం పరిధిలోకి వస్తుంది. తాతగారి పెట్టెలో దొరికిందని ఫేస్‌బుక్‌లో పెట్టే ముందు అటవీశాఖను అడగండి.

కదిలించకముందే ఫోటోలు తీయండి. నాలుగు వైపుల నుంచి, కింద నుంచి, స్టాండు అడుగు నుంచి. స్టాండు అడుగున పెన్సిల్‌తో రాసిన ఒక్క అంకె చాలాసార్లు అన్నిటికంటే విలువైన ఆధారం. స్టాండు మార్చినప్పుడు అదీ పోతుంది.

రంగు చూడకండి, కాళ్ళు చూడండి

అందరూ చేసే తప్పు రంగుతో మొదలుపెట్టడం. ఎర్రగా ఉంది, పొడుగు తోక ఉంది, మకావ్ అనేస్తారు. ఉష్ణమండల పక్షులంటేనే రంగులు కాబట్టి కళ్ళు అటే పోతాయి. కానీ రెండు వందల ఏళ్ళ పిట్టలో ముందుగా అబద్ధమాడేది రంగే. ముందుగా ఎముకను నమ్మండి.

కాలివేళ్ళతో మొదలుపెట్టండి. మూడు ముందుకు, ఒకటి వెనక్కు ఉంటే కాకి, పిచ్చుక, తేనెపిట్ట లాంటి మామూలు అమరిక. రెండు ముందుకు రెండు వెనక్కు ఉంటే చిలుక, వడ్రంగిపిట్ట, కోకిల, టూకన్ ఈ వరుసలో వెతకండి. లకుముకిపిట్ట, హార్న్‌బిల్ లాంటివాటికి ముందువేళ్ళు కొంతమేర అతుక్కుని ఉంటాయి. ట్రోగన్ అనే అడవిపక్షిది విచిత్రం. దానికీ రెండు ముందుకు రెండు వెనక్కే. కానీ మిగతావాటిలో వెనక్కు తిరిగేది బయటి వేలయితే, దీనికి లోపలి వేలు తిరుగుతుంది. ఆ అమరిక ఇంకే పక్షికీ లేదు. అది కనిపించిందంటే సగం పని అయిపోయినట్టే.

అయితే స్టఫ్ చేసినవాడు కొమ్మకు పట్టించడానికి వేళ్ళను ఎటుపడితే అటు వంచి ఉంటాడు. అప్పుడు కణుపులు లెక్కపెట్టండి. చాలా పక్షుల్లో వెనకవేలికి 2 కణుపులు, దాని పక్క లోపలివేలికి 3, నడిమివేలికి 4, బయటివేలికి 5 ఉంటాయి. భూతద్దం పెట్టుకుంటే ఎండిన చర్మం మీద ఆ గీతలు కనిపిస్తాయి. వైరు ఎలా వంచినా కణుపుల లెక్క మారదు.

తర్వాత తోక ఈకలు. ఒక్కొక్కటీ పుల్లతో మెల్లగా విడదీసి లెక్కపెట్టండి. చిన్న పాడేపిట్టల్లో దాదాపు అన్నిటికీ 12. హమ్మింగ్ బర్డ్‌కు, కోకిల జాతులకు 10. ఒకటి రాలిపోయి ఉండవచ్చు కాబట్టి ఎడమవైపు ఎన్ని, కుడివైపు ఎన్ని అని విడిగా రాయండి. ఎడమ 6, కుడి 5 అయితే ఒకటి పోయిందని అర్థం.

ఆ కాలంలో తేనెపిట్టలను, హవాయి దీవుల వంకరముక్కు పిట్టలను, ఇంకా ఎన్నో సన్నముక్కు పక్షులను ఇంగ్లీషులో ఒకే గంపలో వేసి "క్రీపర్" అనేవారు. "ఫ్లైక్యాచర్", "థ్రష్", "గ్రోస్‌బీక్" కూడా అంతే. అవి ఇప్పటి కుటుంబాల పేర్లు అనుకుంటే దారి తప్పుతారు. ఆ పేర్లన్నీ రెండో కాగితం మీదే ఉండాలి.

ముక్కు దగ్గర ఆగి నాసికా రంధ్రాలు కూడా చూడండి. 1778 జనవరిలో కుక్ ఓడలు మొదటిసారి హవాయి చేరినప్పుడు అక్కడివాళ్ళు చిన్న ఎర్రపిట్టల తోళ్ళు అమ్మకానికి తెచ్చారు. ఇరవై, అంతకుమించి కట్టలు కట్టి, లేదా ముక్కు రంధ్రాల్లోంచి సన్నటి పుల్ల గుచ్చి తెచ్చారని కుక్ రాసుకున్నాడు. మొదట కొన్నవాటికి రెక్కల వెనక భాగమే లేదట. కాళ్ళు, తోక ఉన్నవి తర్వాత దొరికాయి. కాబట్టి ముక్కు రంధ్రం అసహజంగా పెద్దదై ఉంటే, వెనక సగం వేరే పిట్టదిలా ఉంటే కంగారుపడకండి. అది ఊరి గుర్తు కావచ్చు.

కాళ్ళే లేకపోతే? అదీ ఒక ఆధారమే. మెగల్లాన్ దండులో మిగిలిన ఒకే ఓడ 1522లో స్పెయిన్‌కు తిరిగొచ్చినప్పుడు మలుకు దీవుల రాజు కానుకగా ఇచ్చిన స్వర్గపక్షుల తోళ్ళు తెచ్చింది. స్థానికులు కాళ్ళు తీసేసి ఎండబెట్టేవాళ్ళు. యూరప్ వాళ్ళు అవి కాళ్ళే లేని పక్షులనీ, నేల మీద వాలవనీ నమ్మారు. 1758లో స్వీడన్ ప్రకృతిశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ పెద్ద స్వర్గపక్షికి పెట్టిన "అపోడా" అనే పేరుకు అర్థం కాళ్ళు లేనిది అనే. శాస్త్రీయ నామంగా ఇప్పటికీ అదే నడుస్తోంది.

కొలతలు, మరో ఇంచు

మడిచిన రెక్క వంపు నుంచి పొడవాటి ఈక చివరిదాకా మిల్లీమీటర్లలో కొలవండి. వేళ్ళకు పైన కనిపించే కాలి ఎముక (టార్సస్), ముక్కు, తోక కూడా. పిట్ట మొత్తం పొడవును మాత్రం నమ్మవద్దు. పీచు ఎక్కువ కూరితే మెడ సాగుతుంది, తక్కువ కూరితే కుంచించుకుపోతుంది.

పాత పుస్తకాల్లో ఉండేది మాత్రం చాలావరకు ఆ మొత్తం పొడవే. పైగా అది ఎవరి ఇంచో చూడాలి. ఇంగ్లీషు ఇంచు 25.4 మిల్లీమీటర్లు. పారిస్‌లో వాడిన ఇంచు 27 మిల్లీమీటర్ల పైచిలుకు. బ్రిసన్ లాంటి ఫ్రెంచి రచయితలు 12 ఇంచులు అంటే దాదాపు 325 మిల్లీమీటర్లు, లండన్ రచయిత 12 ఇంచులు అంటే 305. ఈ తేడా పట్టించుకోకపోతే ఒకే పిట్ట రెండు జాతులుగా కనిపిస్తుంది.

ఇప్పుడు రంగు

ఏ రంగు నిలుస్తుంది, ఏది వెలుస్తుంది అనేది రంగు తయారయ్యే తీరును బట్టి ఉంటుంది. ఎరుపు, పసుపు సాధారణంగా వర్ణకాల వల్ల వస్తాయి. కిటికీ పక్కన వందేళ్ళు నిలబడితే వెలిసిపోతాయి. నీలం ఎక్కువగా ఈక నిర్మాణం మీద వెలుతురు పడే తీరు వల్ల కనిపించేది, అందుకే గట్టిగా నిలుస్తుంది. చిలుక ఆకుపచ్చ ఈ రెండూ కలిస్తే వచ్చేది: లోపల నీలం, దాని మీద పసుపు. పసుపు వెలిసిందంటే ఆకుపచ్చ చిలుక కాస్తా నీలి చిలుక అవుతుంది. కొత్త జాతి దొరికిందని గంతులేయకుండా, రెక్క ఎత్తి అడుగున వెలుతురు తగలని ఈకలు చూడండి. అసలు రంగు అక్కడ దాక్కుని ఉంటుంది.

ఆఫ్రికాలోని టురాకో అనే పక్షి రెక్కల ఎరుపు ఇంకో రకం. అందులో రాగి ఉంటుంది, క్షారం ఉన్న నీళ్ళలో కరుగుతుంది. మురికిగా ఉంది కదా అని సబ్బునీళ్ళతో తుడిచారో, గులాబీరంగు నీళ్ళు మిగులుతాయి.

ముక్కు, కాళ్ళు, కంటి చుట్టూ చర్మం ఎండితే గోధుమరంగుకు తిరుగుతాయి. వాటికి పెయింటు వేసేవాళ్ళు. టూకన్ ముక్కు మీద మీరు చూసే పసుపు, ఎరుపు చాలాసార్లు స్టఫ్ చేసినవాడి కుంచెవే. గాజు కన్ను రంగు కూడా వాడి దగ్గర ఆ రోజు ఏ గాజు ఉంటే అదే. కంటి రంగును బట్టి జాతి నిర్ణయించినవాళ్ళను చూశాను. నవ్వాలో ఏడవాలో తెలియదు.

మగ ఆడ తేడా మనకు కొత్త కాదు. కోకిల మగది నిగనిగలాడే నలుపు, ఆడది చుక్కలు చుక్కలు. ఎప్పుడూ చూడనివాడికి రెండు వేరు పిట్టలే. న్యూగినీ వైపు ఎక్లెక్టస్ చిలుక ఇంకా ఘోరం: మగది ఆకుపచ్చ, ఆడది ఎరుపు, నీలం. 1870ల దాకా పక్షిశాస్త్రజ్ఞులు వాటిని రెండు జాతులుగానే లెక్కగట్టారు. కాబట్టి "పిట్ట చెప్పింది" కాగితం అడుగున "మగదా, ఆడదా, పిల్లా?" అని ఒక గీత గీసి ఖాళీ ఉంచండి.

కుట్లు విప్పకండి, కానీ చూడండి

పాతకాలంలో అందమైన పిట్టకు ధర ఎక్కువ. అందం చాలకపోతే కలిపేవాళ్ళు. లెవాయాఁ అనే ఫ్రెంచి యాత్రికుడు దక్షిణాఫ్రికా పక్షులంటూ అచ్చువేసిన బొమ్మలను స్వీడన్ శాస్త్రజ్ఞుడు సుండెవాల్ 1857లో ఒక్కొక్కటిగా పరీక్షించాడు. పదింటిని రెండు మూడు వేరు పక్షుల ముక్కలతో కుట్టి తయారుచేశారని తేల్చాడు. ఇంకా చాలా పక్షులు అసలు ఆ ప్రాంతంలో ఉండేవే కావు.

మీరేం చేయాలంటే, మెడ మొదట్లో, రెక్క మొదట్లో, తోక మొదట్లో ఈకలు వెదజల్లి చర్మం చూడండి. చర్మం రంగు మారినా, జిగురు గట్టిపడి ఉన్నా, రెండువైపుల ఈకల వరుసలు కలవకపోయినా అనుమానించండి. ఎక్స్‌రే దొరికితే ఇంకా మంచిది. కూరిన తీరు చేతిరాత లాంటిది. ఎవరు ఎలా కుడతారో, దూది ఎలా చుడతారో అందులో కనిపిస్తుంది.

రెండో కాగితం: దారం పట్టుకుని వెనక్కి నడవడం

నాకు అన్నిటికంటే ఇష్టమైన పని ఇది. లీవర్ మ్యూజియానికి దారం ఇలా ఉంటుంది.

మొదటి ముడి సారా స్టోన్. పదహారు పదిహేడేళ్ళ వయసు నుంచి లీవర్ దగ్గరి వస్తువులకు రంగుల బొమ్మలు వేసిన అమ్మాయి. వెయ్యికి పైగా వేసింది. ఆమె గీసింది అడవిలో పిట్టను కాదు, అద్దాల పెట్టెలో కొమ్మ మీదున్న పిట్టను. కాబట్టి బొమ్మలోని మెడ వంపు, విరిగిన తోక ఈక కూడా మనకు ఆధారమే. బొమ్మ పక్కన మీ ఫోటో పెట్టి చూడండి.

రెండో ముడి జాన్ లాథమ్. వృత్తికి వైద్యుడు. లండన్ మ్యూజియాలన్నీ తిరిగి చూసిన పక్షులన్నిటి వర్ణనలను 1781 నుంచి 1785 దాకా సంపుటాలుగా అచ్చువేశాడు. లీవర్ దగ్గర చూసినవాటికి ఆ మాట రాశాడు. కానీ లాటిన్ పేర్లు పెట్టలేదు, ఇంగ్లీషు పేర్లతో సరిపెట్టాడు. జర్మనీలో గ్మెలిన్ అనే ప్రకృతిశాస్త్రజ్ఞుడు 1788-89లో ఆ వర్ణనలు తీసుకుని, పక్షులను కళ్ళతో చూడకుండానే, లాటిన్ పేర్లు పెట్టేశాడు. నియమాల ప్రకారం ముందుగా అచ్చయిన ఆ పేర్లకే హక్కు. అందుకే ఇవాళ మనం వాడే శాస్త్రీయ నామాల పక్కన గ్మెలిన్ పేరు అంత తరచుగా కనిపిస్తుంది. మీ పిట్ట లాథమ్ వర్ణించిన అసలు పిట్ట అని తేలితే అది ఆ జాతి పేరుకే మూలం. ఈ సంపుటాలు బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి.

మూడో ముడి వేలం కేటలాగు. వర్ణన ఒక్క ముక్కే, కానీ లాట్ నంబరు ఉంటుంది. ఎవరు ఎంతకు కొన్నారో చేత్తో రాసిపెట్టిన ప్రతులు కొన్ని మిగిలాయి. నాలుగో ముడి కొన్నవాళ్ళు. వియన్నా రాజసంగ్రహం కోసం ఫాన్ ఫిష్టెల్ కొన్నాడు. తర్వాతి కాలంలో డెర్బీ ప్రభువు అయిన లార్డ్ స్టాన్లీ కూడా కొన్నాడు. ఆయన సంగ్రహం 1851లో లివర్‌పూల్‌కు చేరింది. వియన్నాలోని లీవర్ పక్షులను పెల్జెల్న్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు 1873లో వరుసగా పరిశీలించి ప్రచురించాడు. లార్డ్ హౌ దీవిలో ఎప్పుడో అంతరించిన తెల్ల నీటికోడి స్పెసిమెన్లు ప్రపంచంలో రెండే ఉన్నాయి, ఒకటి వియన్నాలో, ఒకటి లివర్‌పూల్‌లో. వియన్నాది ఈ వేలంలో కొన్నదే.

దారంలో ఒక ముడి తెగితే తెగిందని రాయండి. ఊహతో కట్టకండి.

ఊరిపేర్లతో జాగ్రత్త

"ఒటహైటి" అంటే తహితి. "శాండ్విచ్ దీవులు" హవాయి. "న్యూ హాలండ్" ఆస్ట్రేలియా. "కయెన్" అంటే ఫ్రెంచి గయానా, కానీ చుట్టుపక్కల అడవులన్నీ అందులోకే వస్తాయి. "ఈస్ట్ ఇండీస్" అన్నారంటే మన తీరం నుంచి మలుకు దీవుల దాకా ఏదైనా కావచ్చు. అది చిరునామా కాదు, ఓడ వచ్చిన దిక్కు.

"కోరమాండల్" మాత్రం చాలావరకు నిజమే పలుకుతుంది. సోనెరా అనే ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు ఈ తీరంలో పక్షులను సేకరించాడు. మన చెరువుల్లో తేలే చిన్న తెల్ల బాతుకు, వానాకాలం చేలల్లో కూసే ఒక పూరేడు పిట్టకు శాస్త్రీయ నామాల్లో ఇప్పటికీ కోరమాండల్ ఉంది. అదే సోనెరా న్యూగినీ దగ్గరకొచ్చేసరికి మునిగాడు. అక్కడివని ఆయన చెప్పిన పక్షుల్లో ఆస్ట్రేలియా కూకబర్రా (లకుముకిపిట్ట జాతి) ఉంది, దక్షిణ సముద్రాల మంచుగాలుల్లో బతికే జెంటూ పెంగ్విన్ కూడా ఉంది. రెండూ న్యూగినీలో లేవు. కూకబర్రాకు "నొవేగినే", పెంగ్విన్‌కు "పాపువా" అన్న పేర్లు మాత్రం అలాగే ఉండిపోయాయి.

పొరపాటు ఒక రకం, మోసం ఇంకో రకం. బ్రిటిష్ కల్నల్ మైనర్జ్‌హాగన్ మ్యూజియంలోంచి స్పెసిమెన్లు దొంగిలించి, కొత్త చీటీలు కట్టి తానే సేకరించినట్టు చూపించాడు. మన అడవి పైడికంటె (చిన్న గుడ్లగూబ) కథ అక్కడే చిక్కుకుంది. ఆ పక్షి 1880ల తర్వాత కనిపించలేదు, ఆయన చీటీ ఒక్కటే 1914లో గుజరాత్‌లో దొరికిందని చెబుతుంది. పక్షిశాస్త్రజ్ఞురాలు పమేలా రాస్ముసెన్ దాన్ని పరీక్షిస్తే లోపలి కూర్పు, కుట్టు తీరు జేమ్స్ డేవిడ్‌సన్ అనే పాత అధికారివని తేలింది. ఆ చీటీని పక్కనబెట్టి, నిజమైన స్పెసిమెన్లు చెప్పిన చోట్ల వెతికితే 1997 నవంబరులో మహారాష్ట్రలో పక్షి బతికే ఉంది.

రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టండి

ఇప్పుడు మాత్రమే. మూడు సంగతుల్లో ఒకటి జరుగుతుంది.

రెండూ ఒకటే చెబితే పండగే. అది అరుదు.

పిట్ట గట్టిగా చెబుతోంది, చీటీ వేరే చెబుతోంది అంటే పిట్టను నమ్మి, చీటీ ఎలా తప్పిందో వెతకండి. పసిఫిక్‌లోని ఒక మైనా జాతి పిట్ట బ్రిటిష్ మ్యూజియంలో ఒకే ఒక్కటి ఉండేది. ఎక్కడిదో తెలియక "మిస్టీరియస్ స్టార్లింగ్" అన్నారు. కుక్ యాత్రలదని చాలామంది అనుకున్నారు. పక్షిశాస్త్రజ్ఞుడు స్టోర్స్ ఓల్సన్ 1986లో బ్లాక్సమ్ అనే యాత్రికుడి రాతలు తిరగేసి, 1825 ఆగస్టులో కుక్ దీవుల్లోని మౌకేలో పట్టినదని తేల్చాడు. పిట్ట వందేళ్ళకు పైగా మ్యూజియంలోనే ఉంది. వెతకాల్సింది వేరే గదిలోని నోటుపుస్తకంలో.

మూడోది, పిట్ట దేనితోనూ కలవదు, చీటీలో ఊరే లేదు. అలాంటిదే లివర్‌పూల్‌లోని మచ్చల ఆకుపచ్చ పావురం, నంబరు డి3538. ఇది లీవర్‌ది కాదు, థామస్ డేవీస్ అనే సైన్యాధికారి సంగ్రహంలోది. లాథమ్ 1783లో వర్ణించాడు. ఎక్కడిదో రాయలేదు. మరో స్పెసిమెన్ ఉండేది, అది పోయింది. దీన్ని మన పద్ధతిలో చూడండి. ముదురు ఆకుపచ్చ మెరుపు, రెక్కల మీద లేత చుక్కలు, నల్ల ముక్కు చివర పసుపు, మెడ చుట్టూ సాగిన ఈకలు. ఆ మెడ ఈకలు మన నికోబార్ పావురాన్ని గుర్తుచేస్తాయి. దాని పిల్లేమో, వికారంగా పుట్టిన మామూలు పావురమేమో అని కొందరు కొట్టిపారేశారు. 2014లో ఈక ముక్కల నుంచి డీఎన్ఏ తీశారు. అది వేరే జాతేనని, నికోబార్ పావురానికి, డోడోకు దగ్గరి బంధువని తేలింది. ఊరు మాత్రం ఇప్పటికీ ఖాళీయే.

డీఎన్ఏ మీ చేతిలో ఉండదు. మ్యూజియం వాళ్ళు అనుమతిస్తే పాదం అడుగు చర్మంలోంచి ఆవగింజంత ముక్క చాలు. మన కలివికోడి విషయంలో అదే పనికొచ్చింది. జెర్డన్ అనే బ్రిటిష్ వైద్యుడు పంపిన పిట్ట ఆధారంగా 1848లో బ్లైత్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు వర్ణించిన ఆ పక్షి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందని మీకు తెలుసు. దాని గుడ్డు మాత్రం ఎవరూ చూడలేదు. స్కాట్లండ్‌లోని ఆబర్డీన్ విశ్వవిద్యాలయ మ్యూజియం డ్రాయర్‌లో ఒక పాత గుడ్డు బయటపడింది. దాని డీఎన్ఏను పాత కలివికోడి తోలు డీఎన్ఏతో పోల్చి అదేనని నిర్ధారించారు.

చివరి పని: చీటీ కట్టడం

మీరు తేల్చింది రాయండి, ఎంతవరకు ఖాయమో కూడా రాయండి. జాతి ఖాయం కాకపోతే కుటుంబం దగ్గరే ఆగండి. "తేనెపిట్ట కుటుంబం, మగది, జాతి అనుమానం" అని రాయడం నామోషీ ఏమీ కాదు. ఏ ఆధారంతో అన్నారో ఒక్క వాక్యం చేర్చండి. మీ పేరు, తేదీ వేయండి. బాల్‌పెన్ను వద్దు, వెలుస్తుంది. పెన్సిల్ గానీ, చెరగని నల్ల ఇంకు గానీ వాడండి. ఫెవికాల్, సెల్లోటేపు దగ్గరకు రానివ్వకండి. నూలు దారంతో కాలికి కట్టండి.

పాత చీటీని మాత్రం తీయవద్దు. తప్పయినా సరే, బూతుమాటంత తప్పయినా సరే. తర్వాత వచ్చేవాళ్ళకు ఆ దస్తూరీ, ఆ కాగితం, ఆ దారం కావాలి. నేను లిస్టు చేసిన ఆ పిట్ట కాలికి ఇప్పుడు రెండు చీటీలున్నాయి. ముందుది "హమ్మింగ్ బర్డ్". వెనకది నేను రాసింది: "తేనెపిట్ట, మగది, తోక ఈకలు 12. మొదట గుర్తించినది అటెండర్."